బండికో చట్టం, బేస్‌మెంట్‌కో చట్టం

ఢిల్లీలో పూసా రోడ్డుకు ఒక పక్క ఓల్డ్ రాజిందర్ నగర్, మరో పక్క కరోల్ బాగ్. మధ్యలో తల మీదుగా మెట్రో రైలు. ఇటు పక్క ఐఏఎస్ కలలు అమ్ముతారు. అటు పక్క కార్లకు సీటు కవర్ల నుంచి హారన్ల దాకా, బుల్లెట్ మోటారు సైకిళ్లకు హ్యాండిల్ నుంచి సైలెన్సర్ దాకా అన్నీ అమ్ముతారు. రెండు బజార్లకూ కుర్రాళ్లే గిరాకీ. ఇటు తమను తాము మార్చుకోవడానికి వస్తారు, అటు బండిని మార్చుకోవడానికి.

తెనాలి నుంచి సివిల్స్‌కు చదువుకుందామని వచ్చిన ఓ కుర్రాడు మూడేళ్లలో ఈ రెండు బజార్లకూ అలవాటు పడ్డాడు. పగలంతా క్లాసులు, లైబ్రరీ. సాయంత్రం తల వేడెక్కితే రోడ్డు దాటి కరోల్ బాగ్‌లో ఓ చుట్టు. కొనడానికేమీ కాదు. గది అద్దె, మెస్సు బిల్లు, టెస్ట్ సిరీస్ ఫీజు కట్టాక జేబులో మిగిలేది టీకే సరిపోతుంది. ఊరికే చూస్తాడు. ఫుట్‌పాత్ మీదే బండి మొత్తం విప్పేసి దానికి ఇంకో రూపమిచ్చే మెకానిక్‌లను చూడటం అతనికి సరదా.

ఆ సరదా పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. తండ్రికి చిన్నప్పుడే పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. స్కూలు మాస్టారు. 2010లో అప్పు చేసి ఓ ఆల్టో కొన్నారు. కాలితో తొక్కలేని క్లచ్‌ను చేతి కిందికి తెచ్చుకోవాలి. అందుకని కొడుకును వెంటబెట్టుకుని ఆటోనగర్‌కు వెళ్లారు. ఉత్త చాసిస్ మీద లారీ బాడీ మొత్తం కట్టి పంపే చోటు అది. చిన్న కారుకు ఓ లీవర్ పెట్టడం వారికి లెక్కలోది కాదు. మెకానిక్ రెండు రోజులు తీసుకున్నాడు. గేర్ రాడ్ పక్కన ఇనుప లీవర్ అమర్చి, పిడికి సైకిల్ గ్రిప్ తొడిగి, "నొక్కి చూడండి మాస్టారూ" అన్నాడు. ఆ రోజు తెనాలి దాకా మాస్టారే నడుపుకుంటూ వచ్చారు. పన్నెండేళ్ల కొడుకు దారి పొడవునా ఆ లీవర్‌నే చూస్తూ కూర్చున్నాడు.

లీవర్ సంగతి కారు ఆర్సీలో ఎక్కడా లేదు. అది ఉండాలని కూడా అప్పట్లో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

తట్టింది పద్నాలుగేళ్ల తర్వాత, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో.

2024 జూలై 27, శనివారం. సాయంత్రం కురిసిన వానకు ఆ కాలనీ వీధులు చెరువులయ్యాయి. వాన పడితే అక్కడ మోకాలి లోతు నీళ్లు మామూలే. చెప్పులు చేత పట్టుకుని, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని గదికి చేరుకోవడం ప్రతి అభ్యర్థికీ తెలిసిన విద్యే. ఆ సాయంత్రం మాత్రం నీళ్లు వీధిలో ఆగలేదు. ఓ పేరున్న కోచింగ్ సంస్థ బేస్‌మెంట్‌లో లైబ్రరీ నడుస్తోంది. వీధి నీరు ఒక్కసారిగా అందులోకి దూకింది. చదువుకుంటున్న వారిలో ముగ్గురు బయటికి రాలేకపోయారు. ఇద్దరు యువతులు, ఒక యువకుడు. ఒకరు ఉత్తరప్రదేశ్ నుంచి, ఒకరు కేరళ నుంచి, ఒకరు తెలంగాణ నుంచి వచ్చినవారు.

ఆ రాత్రి తెలుగు ఇళ్ల నుంచి ఆ కాలనీకి వచ్చిన ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో మొదలయ్యాయి. "ఎక్కడున్నావురా?" మాస్టారూ అదే అడిగారు. గదిలోనే ఉన్నానని కొడుకు చెప్పాడు. మరుసటి రోజు నుంచి రోడ్డు మీద బైఠాయించిన వందలాది విద్యార్థుల్లో తానూ ఒకడన్న సంగతి చెప్పలేదు.

సంస్థ యజమానిని, కోఆర్డినేటర్‌ను పోలీసులు మొదట అరెస్టు చేశారు. ఆ తర్వాత పట్టుకున్న వారిలో బేస్‌మెంట్ సహ యజమానులు నలుగురున్నారు. వారితో పాటు ఎవరూ ఊహించని మరో మనిషీ ఉన్నాడు. వాన వేళ ఆ వీధిలోంచి తన ఫోర్స్ గూర్ఖా నడుపుకుంటూ వెళ్లిన వ్యక్తి. అతని బండి లేపిన అలకే ఆ భవనం గేటు విరిగి నీళ్లు లోపలికి పోయాయన్నది పోలీసుల వాదన. అప్పటికి నెల కూడా నిండని భారతీయ న్యాయ సంహితలోని 105వ సెక్షన్, అంటే హత్య కిందికి రాని ప్రాణహరణ నేరం, అతని మీద పెట్టారు. జూలై 31న మేజిస్ట్రేటు బెయిలు ఇవ్వలేదు. మరుసటి రోజు పోలీసులే సెషన్స్ కోర్టుకు వెళ్లి ఆ సెక్షన్‌ను వదులుకుంటున్నామన్నారు. బెయిలు వచ్చింది. ఆగస్టు 2న ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ పోలీసులను గట్టిగానే ఎద్దేవా చేసింది. దారిన పోయే కారు నడిపిన వాణ్ని పట్టుకున్నారు గానీ బేస్‌మెంట్‌లోకి వెళ్లినందుకు వాన నీటికి చలానా రాయలేదు, అంతవరకు నయం అన్న ధోరణిలో.

ఆ నాలుగు రోజులూ టీవీల్లో తిరిగింది ఆ బండే. ఎత్తైన ఒళ్లు, లావు టైర్లు, బానెట్ పక్క నుంచి పైకప్పు దాకా నిలబడ్డ నల్లటి గొట్టం. దానికి ఏమైనా మార్పులు చేయించారా అన్న ప్రశ్న కూడా లేచింది. మెస్సులో అన్నం ముందు కూర్చున్న వాళ్లంతా ఆటోమొబైల్ ఇంజినీర్లయిపోయారు. ఆ గొట్టం చట్టవిరుద్ధమని ఒకడు. కాదని ఇంకొకడు.

నిజానికి గూర్ఖాకు ఆ గొట్టం కంపెనీ నుంచే వస్తుంది. ఇంజిన్‌కు గాలి పైనుంచి అందేలా పెట్టే స్నార్కెల్ అది. 700 మిల్లీమీటర్ల నీటిలో కూడా బండి సాగిపోతుందని తయారీదారే ప్రకటించుకుంటాడు. అంటే నడుముకు కాస్త కింది దాకా నీళ్లున్నా ఆగని బండిని ప్రభుత్వ అనుమతితోనే అమ్ముతున్నారు. అదే గొట్టాన్ని వేరే కంపెనీ జీపుకు కరోల్ బాగ్‌లో బిగించుకుంటే మాత్రం పోలీసు ఆపి ప్రశ్నిస్తాడు. అలకు ఆ తేడా తెలియదు. చట్టానికి తెలుసు.

కుర్రాడు ఆ రాత్రే మోటారు వాహనాల చట్టం తీశాడు. రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో యంత్రంతో నడిచే వాహనాలు 35వ అంశమని అతనికి కంఠతా వచ్చు. చట్టంలో 52వ సెక్షన్ ఏమంటుందో మాత్రం అంతవరకు చదవలేదు.

ఆ సెక్షన్‌కు ఓ చరిత్ర ఉంది. 1988 చట్టం తొలి రూపంలో బండిని మార్చుకోవాలంటే రిజిస్ట్రేషన్ అధికారికి ముందుగా చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. అంటే 'అడిగి చేసుకో' అన్నది పద్ధతి. 2000లో పార్లమెంటు దాన్ని తిరగరాసింది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చనే కూడదంది. 'అడిగి చేసుకో' పోయి 'చేయకు' వచ్చింది. కారణం కుర్రకారు సోకులు కాదు, లారీలు. పెద్ద టైర్లు వేయించి, మోయగలిగిన దానికన్నా ఎక్కువ సరుకు ఎక్కించే అలవాటును ఆపాలన్నది సవరణ ఉద్దేశాల్లో స్పష్టంగానే ఉంది. సీఎన్‌జీ, ఎల్పీజీ వంటి ఇంధనాలకు మారడాన్ని మాత్రం మినహాయించారు. ఢిల్లీకి ఆ మినహాయింపు అవసరం బాగా ఉంది. 1998 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించాక రాజధానిలో బస్సులు, ఆటోలు సీఎన్‌జీ దారి పట్టాయి. ప్రభుత్వం దగ్గరుండి బండ్లను మార్పించిన సందర్భం అది.

అయినా రాష్ట్రాలు తమ రూల్స్ చూసుకుంటూ కొన్ని మార్పులకు తల ఊపుతూనే వచ్చాయి. కేరళ నుంచి వెళ్లిన ఓ కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ గొడవ తేల్చేసింది. రాష్ట్ర రూల్ ఏదైనా కేంద్ర చట్టాన్ని దాటి పోజాలదు, తయారీదారు ఇచ్చిన మూల రూపమే ప్రమాణం అంది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం శిక్షను పెంచింది. మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. మార్చి అమ్మే డీలరుకైతే ఏడాది జైలు, బండికి లక్ష రూపాయలు.

'ఒక్కో మార్పుకు' అన్న మాట దగ్గర కుర్రాడు ఆగిపోయాడు. తెనాలిలో ఆల్టో ఉంది. అందులో లీవర్ ఉంది.

చట్టం ఉన్నంత మాత్రాన అందరి మీదా ఒకేలా పడుతుందా అంటే, మన దగ్గర అది ఎప్పుడూ వేరే ప్రశ్న. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని నిషేధించినప్పుడు హైదరాబాద్, విజయవాడ కూడళ్లలో ట్రాఫిక్ పోలీసులు బ్లేళ్లతో గీకి ఫిల్ములు ఊడదీశారు. నాయకుల కాన్వాయ్‌ల దగ్గర ఆ బ్లేడు ఎంత పదునుగా పనిచేసిందో చూసినవారికి తెలుసు. 2021 ఆగస్టులో కేరళలోని కన్నూర్‌లో యూట్యూబ్‌తో పేరు తెచ్చుకున్న ఇద్దరు అన్నదమ్ములు తమ టెంపో ట్రావెలర్‌ను తిరిగే ఇల్లుగా మార్చుకుంటే రవాణా అధికారులు పట్టుకున్నారు. జరిమానా దగ్గర గొడవై అరెస్టు దాకా పోయింది. 2024 వేసవిలో విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు వందలాది మోత సైలెన్సర్లను వరుసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. చుట్టుపక్కల వారు చప్పట్లు కొట్టారు. అర్ధరాత్రి ఆ మోతకు ఉలిక్కిపడి లేచే పసిపిల్లలు, గుండె జబ్బు వాళ్లు ఉన్న ఇళ్లవాళ్లు కొట్టకుండా ఎలా ఉంటారు?

మార్పు చేసిన బండి అంటే తెలుగువాళ్లకు నేరం గుర్తుకు రాదు, రాజకీయం గుర్తుకొస్తుంది. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాను పైకప్పు మీద నిలబడటానికి వీలుగా మార్పించుకుని దానికి చైతన్య రథమని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ నడిపారు. మరుసటి జనవరి నాటికి ఆ బండి ఎక్కిన మనిషి ముఖ్యమంత్రి. నలభై ఏళ్ల తర్వాత పవన్ కళ్యాణ్ వారాహిని తయారు చేయించుకున్నారు. అప్పుడు రేగిన వివాదం బండి ఎత్తు గురించీ కాదు, బలం గురించీ కాదు. రంగు గురించి. ఆలివ్ గ్రీన్ రంగు సైన్యానికే పరిమితమని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 చెబుతోంది. 2022 డిసెంబరులో మాజీ రవాణా మంత్రి పేర్ని నాని ఆ నిబంధన ఎత్తి చూపారు. రిజిస్ట్రేషన్ చేసిన తెలంగాణ రవాణా అధికారులేమో అది ఎమరాల్డ్ గ్రీన్ అని, పత్రాలన్నీ సక్రమమని తేల్చారు. మరుసటి జనవరిలో కొండగట్టులో పూజ జరిగింది. రెండు ఆకుపచ్చల మధ్య తేడా మీద రెండు రాష్ట్రాల టీవీ ఛానళ్లు అన్ని రోజులు బతికాయి!

కుర్రాడి అన్నయ్య అమెరికాలో ఉంటాడు. మొదట కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, ఇప్పుడు డాలస్. శనివారం రాత్రి ఫోన్లో ఈ మాట ఎత్తగానే నవ్వాడు. ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు ముందు తలుపు అద్దానికి ఫిల్ము వేయించుకుంటే పోలీసు ఆపి, తీసేసి చూపించమని టికెట్ రాశాడట. అక్కడ ముందు పక్క అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు పోవాలి. టెక్సాస్‌లో 25 శాతం చాలు. అదే దేశం, అదే కారు, అదే ఎండ. రాష్ట్రం సరిహద్దు దాటగానే అద్దం రంగు మారొచ్చు.

అమెరికా పద్ధతి మనవాళ్లు అనుకునేంత విశృంఖలమూ కాదు, అంత తేలికా కాదు. అక్కడి కేంద్ర చట్టం భద్రతా ప్రమాణాలను కంపెనీకి, డీలరుకు, రిపేరు షాపుకు కడుతుంది. సీటు బెల్టునో ఎయిర్ బ్యాగ్‌నో పనిచేయకుండా చేయడం షాపువాడికి నిషిద్ధం. యజమాని తన గ్యారేజీలో తనే ఏం చేసుకుంటాడన్నది చాలావరకు రాష్ట్రాల చూపు. పొగ విషయంలో మాత్రం కేంద్రం ఉపేక్షించదు. కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేసిన డీజిల్ పికప్‌లు పదేళ్లలో 5.5 లక్షలకు పైనే ఉన్నాయని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్క తేల్చింది. కాలిఫోర్నియా ఇంకా కఠినం. ఇంజిన్ పొగ మీద ప్రభావం చూపే విడి భాగానికి అక్కడి వాయు వనరుల మండలి ఇచ్చిన ఉత్తర్వు నంబరు ఉండాలి. రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ పరీక్షలో అది చూస్తారు. టెక్సాసేమో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు ఏటా జరిపే భద్రతా తనిఖీనే ఎత్తేసింది. పెద్ద నగరాలున్న కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది.

చావు తర్వాత చట్టం రావడం అక్కడా ఉంది. ముందు భాగం ఆకాశంలోకి, వెనక భాగం నేలకు ఆనుకునేలా పికప్‌లను మార్చుకునే మోజు కరోలినాల్లో ప్రబలింది. అలాంటి బండి నడిపేవాడికి ఎదురుగా ఉన్న మనిషి సరిగ్గా కనిపించడు. నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి దాన్ని నిషేధించింది. వర్జీనియాలో 2022లో ఓ ప్రమాదంలో ఒకరు చనిపోయాక కొద్ది వారాలకే నిషేధం వచ్చింది. కానీ అక్కడ ఆ బండికి, ఆ మరణానికి మధ్య ఉన్న తాడు కంటికి కనిపించేది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో పోలీసులు పట్టుకున్న తాడు అలాంటిది కాదు.

జర్మనీ పేరెత్తితే మన కుర్రాళ్లకు వేగ పరిమితి లేని రోడ్లే గుర్తుకొస్తాయి. ఆ రోడ్ల మీదికి వెళ్లే బండి చక్రాల పళ్లేన్ని మార్చినా కాగితం కావాలి. భాగంతో పాటే దాని అనుమతి పత్రం అమ్ముతారు. అది చాలని చోట టీయూవీ వంటి సంస్థ ఇంజినీరు బండి చూసి సంతకం పెట్టాలి, వాహన పత్రంలో ఎక్కించాలి. లేదంటే బండి రోడ్డెక్కే అనుమతే రద్దవుతుంది. చదువుకోవడానికి వెళ్లిన తెలుగు కుర్రాళ్లు పాత కారు కొనేముందు ఆ పత్రాలు అడగడం నేర్చుకోకపోతే తర్వాత ఖర్చు వాళ్లదే. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ దేశంలో స్ప్రింగులు మార్చుకున్నవాడు నేరస్తుడు కాదు, దరఖాస్తుదారుడు. మనం 2000లో వదిలేసిన పద్ధతినే వాళ్లు ఇంజినీర్లను పెట్టి నడుపుకుంటున్నారు.

జపాన్ కథలో మన లాంటి చదువరికి ఇంకో రుచి ఉంది. ఒకప్పుడు అక్కడా కాఠిన్యమే. కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి జరిగే షాకెన్ తనిఖీ అంటే యజమానులకు హడలు. 1995లో అమెరికా తన విడి భాగాలు అమ్ముకోవడానికి కార్ల వాణిజ్య ఒప్పందం కోసం జపాన్ మెడలు వంచింది. సరిగ్గా ఆ ఏడాదే మార్పుల నిబంధనలు సడలాయి. ఇప్పుడు మామూలు మార్పుల్లో ఎత్తులో నాలుగు సెంటీమీటర్లు, వెడల్పులో రెండు, పొడవులో మూడు అటూ ఇటూ అయితే ఎవరూ అడగరు. మించితే బండిని మళ్లీ చూపించి పత్రం మార్పించుకోవాలి. ఎంత వరకు అన్నది సెంటీమీటర్లలో చెప్పేశారు కాబట్టి కూడలిలో వాదన లేదు. మన దగ్గర వాదనంతా కూడలిలోనే.

కడప, కోనసీమల నుంచి వెళ్లినవారు బతికే దుబాయ్, షార్జాల్లో వాదనకే చోటు లేదు. అనుమతి లేకుండా ఇంజిన్‌నో చాసిస్‌నో మారిస్తే వెయ్యి దిర్హాములు, లైసెన్సు మీద 12 నల్ల పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. అబుదాబిలో దాన్ని విడిపించుకోవడానికి 10 వేల దిర్హాములు. అయితే అడిగినవారికి అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది.

ఇన్ని దేశాలు తిరిగొచ్చాక కుర్రాడి చూపు మళ్లీ తన వీధి మీదే పడింది. పడాల్సింది అక్కడే. ఆ సాయంత్రం ఓల్డ్ రాజిందర్ నగర్‌లో రూపం మార్చి వాడుకున్నది ఏమిటి? ఆ బేస్‌మెంట్‌కు మునిసిపల్ కార్పొరేషన్ ఇచ్చిన అనుమతి పార్కింగుకు, సామాను దాచుకోవడానికి. అందులో బల్లలు వేసి మనుషులను కూర్చోబెట్టారు. తయారీ వివరాలకూ వాడకానికీ తేడా వచ్చింది. కారైతే ఆర్సీ, భవనమైతే మంజూరైన ప్లాను. కారులో ఒక్కో మార్పుకు రూ.5,000, ఆరు నెలల జైలు అని చట్టం లెక్కగట్టి చెప్పింది. భవనం సంగతి మూడు ప్రాణాలు పోయిన మరునాడు చూశారు. ఆ ప్రాంతంలో ఒక్క విడతలో 13 కోచింగ్ సెంటర్ల బేస్‌మెంట్లకు సీళ్లు పడ్డాయి. అవన్నీ ముందు రోజు రాత్రికి రాత్రి మొలిచినవి కావు. కొద్ది రోజులకు సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని కోచింగ్ సెంటర్లను మృత్యుగృహాలతో పోల్చింది.

దేశ విభజన నాటి శరణార్థులకు ఇచ్చిన స్థలాల మీద లేచిన కాలనీ అది. చిన్న చిన్న ఇళ్లు అంతస్తులయ్యాయి, అంతస్తులు గదులయ్యాయి, గదుల్లో ప్లైవుడ్ గోడలు లేచాయి. 2006లో కోర్టు ఆదేశాల మీద ఢిల్లీ అంతటా సీళ్లు పడుతుంటే వ్యాపారులు రోడ్డెక్కారు. పార్లమెంటు ఏడాది పాటు ఊరట అంటూ ఓ ప్రత్యేక చట్టం చేసింది. ఆ ఏడాది ఇంకా గడవలేదు. పేరు మార్చుకుంటూ, గడువు పెంచుకుంటూ వస్తున్న ఆ ఊరటను 2023 డిసెంబరులో మరో మూడేళ్లు పొడిగించారు. తెలుగువాళ్లం దీనికి నవ్వడానికి లేదు. 2007 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాను దాటి కట్టినవారి కోసం బీపీఎస్ తెచ్చింది. అపరాధ రుసుము కట్టు, పట్టా పుచ్చుకో. రెండు రాష్ట్రాలయ్యాకా రెండు చోట్లా ఆ దారి తెరుచుకుంది. ఇంటికి బీపీఎస్ ఉంది, స్థలానికి ఎల్ఆర్ఎస్ ఉంది. కారుకు ఏ ఎస్సూ లేదు. ఇళ్లవాళ్లకు ఓట్లున్నాయంటారు గానీ, కార్లవాళ్లకూ ఉన్నాయి. తేడా ఏమిటంటే, కారును పట్టుకుంటే ఒక్క మనిషి దిగుతాడు. భవనాన్ని పట్టుకుంటే వీధి మొత్తం దిగుతుంది.

ఇంతమాత్రాన మార్చుకున్న ప్రతి బండీ పాపం అమాయకమనీ కాదు. ముందు బిగించే ఇనుప కమ్మీలు ఢీకొన్నప్పుడు పాదచారి కాళ్లు విరిచేస్తాయి, ఎయిర్ బ్యాగ్ లెక్క తప్పిస్తాయి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది సరైన పనే. ఎదుటివాడి కళ్లు పోగొట్టే దీపాల సంగతి జాతీయ రహదారిపై రాత్రి ప్రయాణించిన ఎవరికైనా తెలుసు. కరోల్ బాగ్‌లో అమ్మేవాటిలో సగం మార్కెట్లో ఉండకూడనివే. కుర్రాడు కూడా అది ఒప్పుకుంటాడు. అతని అభ్యంతరం వేరు. ఎదుటివాడికి హాని చేసే కమ్మీనీ, తన తండ్రికి కాలయిన లీవర్‌నూ ఒకే సెక్షన్, ఒకే వాక్యం పట్టుకుంటోంది.

పూర్తిగా అలా కూడా కాదని చట్టం చివరికంటా చదివాక తెలిసింది. 2019 సవరణ వికలాంగుల కోసం మార్చిన వాహనాలకు అధికారి ఆమోదంతో చోటిచ్చింది. 2021లో హైదరాబాద్‌లో మూడడుగుల ఎత్తున్న ఓ వ్యక్తి సీటు, పెడళ్లు తనకు అందేలా మార్పించిన కారుతో పరీక్షకు హాజరై డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నాడు. పత్రికలన్నీ రాశాయి. ఆ కత్తిరింపును కుర్రాడు తండ్రికి వాట్సాప్‌లో పంపాడు. "మనం కూడా రాయించుకుందాం నాన్నా. ఆర్సీలో ఎక్కించుకుంటే బీమాకు కూడా గొడవ ఉండదు."

మాస్టారు వెళ్లారు. లీవర్ ఎవరు తయారు చేశారని కౌంటరులో అడిగారు. ఆటోనగర్ మెకానిక్ అన్నారు. కంపెనీ పేరు, పరీక్షించిన సంస్థ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ మెకానిక్ కాలం చేసి అప్పటికి ఆరేళ్లు. మాస్టారు ఇంటికొచ్చి ఫోన్ చేశారు. "చట్టంలో ఉందిరా, నువ్వు చెప్పింది నిజమే. కౌంటర్లో లేదు."

2025లో కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఆర్సీ పునరుద్ధరణకు బండి చూపించాలి. తనిఖీ చేసే అతను మంచివాడే. నెమ్మదిగా చుట్టూ తిరిగి చూశాడు, దీపాలు వేయించాడు, బ్రేకు తొక్కించాడు. తలుపు తీసి లీవర్ చూశాడు. మాస్టారి కాలు చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. "ఇది ఊడదీసి తీసుకురండి మాస్టారూ, రాసేస్తాను" అన్నాడు గొంతు తగ్గించి.

మరుసటి సోమవారం లీవర్ విప్పించి వెనక సీటు మీద గోనెసంచిలో చుట్టి పెట్టారు. పక్కింటి అబ్బాయి కారు నడిపాడు. మాస్టారు పక్కన కూర్చున్నారు. మరో ఐదేళ్లకు ఆర్సీ వచ్చింది. అక్కడి నుంచి నేరుగా ఆటోనగర్ వెళ్లారు. పాత మెకానిక్ కొడుకు గంటలో లీవర్ మళ్లీ బిగించాడు. పిడికి కొత్త గ్రిప్ వేశాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.